సాలిడ్ స్టేట్ డ్రైవునందు ఖాళీ చోటు నుంచుట

విద్యార్థులారా! మాఘ ఫాల్గుణ మాసములందు మన ఏర్గట్ల చుట్టుపట్ల గ్రామములలో తిరిగినవారికి ఎటు చూచినను పసుపు కళ్లములే కానవచ్చును. రైతు పసుపు కొమ్ములను ఉడికించి, కళ్లమున పలుచగా ఆరబోసి, దినదినము తిరుగవేయుచుండును. తెలిసిన రైతు ఎన్నడును కళ్లమంతయు కొమ్ములతో కప్పివేయడు. ఒక వార కొంత నేలను వట్టిగా విడిచియుంచును. ఆ వట్టి నేల లేనిచో కొమ్ములను జరుపుటకు వీలుండదు. తరువాతి ఉడుకు దించుటకు తావుండదు. మబ్బు పట్టినప్పుడు త్వరగా కుప్పచేయుటకును సాధ్యపడదు. చూపరికి అది వ్యర్థముగా విడిచిన నేల; రైతునకు అది పని జరుగుటకు ఆధారమైన నేల.

ఈ చిన్న విషయమును మనసునం దుంచుకొనినచో, నేటి కంప్యూటరులలోని సాలిడ్ స్టేట్ డ్రైవను స్మృతి సాధనమునందు కొంత చోటు ఎందుకు ఖాళీగా నుంచవలెనో సులభముగా బోధపడును. ఈ సాధనమునే సంక్షేపముగా ఎస్.ఎస్.డి. యందురు. అట్లు చోటు మిగిల్చియుంచుటకు ఓవర్ ప్రొవిజనింగ్ అని పేరు. దీని కారణమును, లెక్కను, ఆచరణను ఈ వ్యాసమున క్రమముగా వివరించెదను.

నా అనుభవము

మొదట నా తప్పిదమునే చెప్పుకొనెదను. కొన్ని సంవత్సరములక్రిందట వార్షిక పరీక్షల మార్కులను పట్టికలలో నెక్కించి మరునాటి ఉదయమునకు ఒప్పగింపవలసియుండెను. నా స్వంత ల్యాప్‌టాప్‌లోని డ్రైవు పాఠములతోను, ఛాయాచిత్రములతోను, చలనచిత్రములతోను అంచువరకు నిండియుండెను. ఆ రాత్రి ఒక్కొక్క పట్టికను భద్రపరచుటకు నిమిషములు పట్టసాగెను; పిదప యంత్రము బొత్తిగా నిలిచిపోయెను. నేను కంగారుపడి, చోటు చేయవలెనని, చేతికందిన ఒక సంచయమును తుడిచివేసి, చెత్తబుట్టను గూడ ఖాళీ చేసితిని. మార్కుల పని యెట్లో ముగిసెను. కాని తుడిచిన దానిలో మూడేండ్లుగా విద్యార్థులు వ్రాసి యిచ్చిన గ్రామచరిత్రల ప్రతులుండినవని తెల్లవారిన తరువాత తెలిసెను. వారిలో ఒక బాలుడు తన తాతగారినడిగి వ్రాసిన సంగతులుండెను. ఆ తాతగారు అప్పటికే కాలధర్మము నొందిరి. యంత్రములు బాగుచేయు నిపుణుని ఆశ్రయించితిని. ఆయన పరీక్షించి, "అయ్యా, పాత తిరుగుడు డిస్కు అయినచో ప్రయత్నించి యుందును. ఇందులో పోయినది పోయినట్లే" యనెను.

ఆయన మాటకు అర్థమేమి? నిండిన యంత్రము ఏల మందగించెను? తుడిచినది ఏల తిరిగి రాలేదు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కచోటనే యున్నది.

ఫ్లాష్ స్మృతి యొక్క స్వభావము

ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగము లేవియు లేవు. అందు సమాచారము ఫ్లాష్ స్మృతి యను సిలికాను చిప్పులలో నిలుచును. ఈ స్మృతిని జపాను దేశమునందలి తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1984లో లోకమునకు తెలిపెను. నేడు విస్తారముగా వాడబడు నాండ్ అను జాతిని 1987లో ప్రకటించెను. 1991లో శాన్‌డిస్క్ సంస్థ 20 మెగాబైట్ల ఎస్.ఎస్.డి.ని ఐ.బి.ఎం. సంస్థకై నిర్మించెను, దాని వెల సుమారు వెయ్యి డాలర్లు. నేడు ఒక విద్యార్థి జేబులోని చిన్న కార్డు దానికి వేలరెట్లు పట్టును. ఇట్టి స్మృతులను నిర్మించు మైక్రాన్ సంస్థకు మన హైదరాబాదునందు 2019 నుండి అభివృద్ధి కేంద్రము కలదు. కావున ఈ విద్య మనకు దూరదేశపు వింత యెంతమాత్రము కాదు.

ఫ్లాష్ చిప్పులో కోట్లకొలది సూక్ష్మకణములుండును. విద్యుత్తు జారిపోకుండ చుట్టును నిరోధక పొర గల చోట ఎలక్ట్రాన్లను బంధించుట వలన ఒక్కొక్క కణము సంగతిని జ్ఞాపకముంచుకొనును. ఈ కణములు పేజీలుగాను, పేజీలు బ్లాకులుగాను కూర్పబడియుండును. ఒక పేజీ సాధారణముగా 4 మొదలు 16 కిలోబైట్ల వరకు పట్టును. ఒక బ్లాకునందు వందలకొలది పేజీలుండును.

ఇక్కడనే అసలు కిటుకు కలదు. వ్రాయుట పేజీ పేజీగా సాగును. చెరుపుట మాత్రము బ్లాకు మొత్తముగనే జరుగును. ఒకసారి వ్రాసిన పేజీపై, బ్లాకును చెరిపినగాని, మరల వ్రాయ వీలులేదు. మన పలకను తలచుకొనుడు. పలకపై ఒక తప్పు మాటను వ్రేలితో చెరిపి అచ్చటనే వేరొకటి వ్రాయుదుము. పాత అయస్కాంత డిస్కు అట్టిది. ఎస్.ఎస్.డి.లోని బ్లాకు మరొక విధమైన పలక. దానిని తుడిచినచో మొత్తము తుడువవలెను. ఒక్క మాటను మార్చుట పొసగదు.

అట్లయినచో ఒక లేఖలో ఒక అక్షరమును దిద్దినప్పుడు ఏమి జరుగును? డ్రైవులోని కంట్రోలర్ అను యధికారి, దిద్దిన పేజీని ఖాళీగా నున్న వేరొక పేజీలో వ్రాసి, పాత పేజీపై "ఇది మృతము" అను గుర్తు పెట్టి, ఏ సంగతి ఎచ్చట నున్నదో తెలుపు పట్టికను సవరించుకొనును. ఇట్లు కాలక్రమమున బ్లాకులన్నియు కొన్ని సజీవమైన పేజీలతోను, కొన్ని మృతమైన పేజీలతోను నిండిపోవును. అప్పుడు కంట్రోలర్ ఒక బ్లాకును ఎంచి, అందలి సజీవమైన పేజీలను వేరొక ఖాళీ బ్లాకునకు తరలించి, ఆ తరువాత పాత బ్లాకును మొత్తముగ చెరిపివేయును. ఈ పనికి గార్బేజ్ కలెక్షన్, అనగా చెత్త ఏరివేత, అని పేరు. తరలించుటకు ఖాళీ చోటు ముందుగనే యుండవలెను గదా! కళ్లమునందు వట్టి నేల వంటిదే యిది.

లెక్క చేసి చూతము

విషయము స్పష్టపడుటకు ఒక చిన్న డ్రైవును ఊహింతము. అందు 20 బ్లాకులు, బ్లాకునకు 100 పేజీలు. మొత్తము 2000 పేజీలు. తరలింపుల కొరకు ఒక బ్లాకు ఎల్లప్పుడు ఖాళీగా నుండవలెను. మిగిలిన 19 బ్లాకులలోను సజీవమైన పేజీలు సమముగా పంచుకొని యున్నవనుకొందము.

మొదటి సందర్భము. మనము 1710 పేజీల సంగతులను దాచితిమి. బ్లాకునకు 90 సజీవమైనవి, 10 మృతమైనవి. ఒక బ్లాకును శుభ్రపరుపవలెనన్న 90 పేజీలను మరల వ్రాయవలెను. లభించు క్రొత్త చోటు 10 పేజీలు మాత్రమే. అనగా మనము వ్రాయ దలచిన 10 పేజీల కొరకు యంత్రము 100 పేజీలు వ్రాసినది. శ్రమ పదిరెట్లు.

రెండవ సందర్భము. మనము 1330 పేజీలు మాత్రమే దాచితిమి. బ్లాకునకు 70 సజీవమైనవి, 30 ఖాళీ లేక మృతము. 30 పేజీలు వ్రాయుటకు మొత్తము 100 వ్రాతలు. శ్రమ మూడున్నర రెట్లకు లోపే.

మూడవ సందర్భము. 950 పేజీలు దాచితిమి. బ్లాకునకు 50. శ్రమ రెండు రెట్లు.

ఈ రెట్టింపునకే రైట్ యాంప్లిఫికేషన్ అని పేరు. సూత్రముగా చెప్పవలెనన్న, శుభ్రపరుచు బ్లాకునందు సజీవ భాగము ఎంతయో దానిని ఒకటి నుండి తీసివేసి, ఆ శేషముతో ఒకటిని భాగించినచో ఆ రెట్టు వచ్చును. నిజమైన కంట్రోలర్ మృతమైన పేజీలు అధికముగా నున్న బ్లాకునే వెదకి ఎంచుకొనును గనుక, ఫలితము మన లెక్క కంటె మేలుగా నుండును. అయినను ధర్మము మారదు: చోటు తగ్గినకొలది శ్రమ పెరుగును.

ఇందొక ముఖ్యమైన సంగతి గమనింపుడు. 1710 నుండి 1330కి దిగినప్పుడు శ్రమ పది నుండి మూడున్నరకు లోపునకు పడిపోయినది. మరల అంతే చోటు, అనగా 380 పేజీలు, వదలి 950కి దిగినప్పుడు రెండునకు మాత్రమే తగ్గినది. కాబట్టి మొదట విడిచిన చోటు మిక్కిలి లాభకరము. తరువాత విడిచినకొలది లాభము సన్నగిల్లును. లోభియై అంతయు నింపుట ఎంత తప్పో, భయపడి సగము ఖాళీగా నుంచుటయు అంత అనవసరము.

ఆయుర్దాయము సంగతి

శ్రమ యనగా కాలయాపనమే కాదు, ఆయుఃక్షయము గూడ. బ్లాకును చెరుపుటకు అధికమైన వోల్టేజి ప్రయోగింపవలసి యుండును. ప్రతి ప్రయోగమునకు కణము చుట్టునున్న నిరోధక పొర కొంత శిథిలమగును. కణమునకు ఒక్క బిట్టు దాచు జాతి సుమారు లక్ష మారులు చెరుపుటకు ఓర్చును. మూడు బిట్టులు దాచు చౌకజాతి సాధారణముగా వెయ్యి మొదలు మూడు వేల మారులకు ఓర్చును. మన చిన్న డ్రైవునందు ఒక్కొక్క బ్లాకు వెయ్యి మారులు ఓర్చుననుకొనినచో మొత్తము 20 లక్షల పేజీ వ్రాతలకు శక్తి యున్నది. శ్రమ పదిరెట్లయినచో మనకు దక్కునది 2 లక్షలు. రెండురెట్లయినచో 10 లక్షలు. వస్తువు ఒక్కటియే, వాడుకను బట్టి ఆయువు అయిదింతలు భేదించినది.

ఒకే బ్లాకు మాటిమాటికి అరగిపోకుండ కంట్రోలర్ వ్రాతలను అన్ని బ్లాకులపైనను సమముగా పంచును. దీనిని వేర్ లెవలింగ్ అందురు. అయినను కొన్ని బ్లాకులు మధ్యలోనే చెడిపోవును. వాని స్థానమును భర్తీ చేయుటకును మిగిల్చిన చోటే అక్కరకు వచ్చును.

దీనికి మన కన్నులయెదుటనే యొక దృష్టాంతము కలదు. ఏర్గట్లకు ఎంతో దూరము కాని పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరామసాగర జలాశయమున్నది. దానికి 1963 జులై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపనము చేసిరి. నది నీటితో పాటు ఒండ్రుమట్టియు వచ్చునని ఎరిగిన ఇంజినీరులు జలాశయములను కట్టునప్పుడు తూముల మట్టమునకు క్రింద కొంత లోతును మట్టి కొరకే కేటాయింతురు. అట్లు కేటాయించియు, మొదట 112 టి.ఎం.సి.లు పట్టగల ఆ జలాశయము పూడిక వలన తరువాతి కొలతలలో 90 టి.ఎం.సి.లకు దిగినది. 1931లో పూర్తియైన మంజీరపైని నిజాంసాగరమునకును పూడిక బాధ తప్పలేదు. వాడుకచే క్షీణించు వస్తువునకు క్షయభాగమును ముందే లెక్కగట్టుట నిర్మాతల ధర్మము. ఇంకను, వరద వచ్చు దినములలో జలాశయమును అంచువరకు నింపి కూర్చుండరు. పై నుండి వచ్చు ప్రవాహమును చూచి గేట్లెత్తి చోటు చేయుదురు. డ్రైవునకు వ్రాతల వెల్లువ వచ్చినప్పుడును అట్టి చోటే కావలెను.

తయారీదారు విడుచు చోటు

అంగడిలో కొన్న డ్రైవునందు కొంత చోటు మనకు తెలియకుండగనే మిగిల్చియుండును. దీని మూలము గణితమునందున్నది. వ్యాపారులు చెప్పు గిగాబైటు నూరు కోట్ల బైట్లు. చిప్పుల నిర్మాణమునందలి గిగాబైటు రెండు యొక్క ఘాతములను బట్టి 107,37,41,824 బైట్లు. ఈ భేదము నూటికి 7.37 వంతులు. కాబట్టి 256 అను చిప్పులతో చేసి 256 గిగాబైట్లని యమ్మిన డ్రైవునందు సుమారు 7 వంతులు మిగులును. అవే చిప్పులతో 240 గిగాబైట్లని యమ్మినచో నూటికి 14.5 వంతులును, 200 గిగాబైట్లని యమ్మినచో నూటికి 37 వంతులును మిగులును. పెద్ద కార్యాలయముల సర్వరులలో రాత్రింబగళ్లు వ్రాతలు సాగుచుండును గనుక అట్టివారికై అధికముగా చోటు విడిచిన డ్రైవులు ప్రత్యేకముగా తయారగును. అయితే ఈ మిగులు అంతయు శుభ్రపరచుటకే వినియోగపడదు. చెడిన బ్లాకులకును, కంట్రోలరు తన పట్టికలకును కొంత వాడుకొనును.

ట్రిమ్ అను ఆజ్ఞ

ఇక తుడిచినది ఏల తిరిగి రాలేదో చూతము. మనము ఒక లేఖను తుడిచినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్ తన చిట్టాలో పేరును మాత్రమే కొట్టివేయును. పాత డిస్కునందు ఆ సంగతి మరొక వ్రాత దానిపై పడువరకు నిలిచియే యుండును. నిపుణులు దానిని వెలికితీయుదురు. ఎస్.ఎస్.డి.లో అట్లు ఊరకున్నచో కంట్రోలరునకు ఆ పేజీలు మృతమని తెలియక, అక్కరలేని వానిని గూడ మోయుచు తిరుగును. ఈ లోపమును దీర్చుటకు ట్రిమ్ అను ఆజ్ఞ ఏర్పడెను. "ఈ పేజీలు ఇక మాకు పనిలేదు" అని ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవునకు తెలుపును. విండోస్ 7 నందు 2009లోను, లినక్సునందు 2010లోను ఈ సౌకర్యము చేరెను. ట్రిమ్ వలన తుడిచిన చోటంతయు డ్రైవునకు పనికివచ్చు ఖాళీగా మారును. అది గొప్ప మేలు. కాని అట్లు చెరిపిన సంగతి సాధారణముగా మరల దొరకదు. అది మన మెరుగవలసిన కీడు. నిండిన డ్రైవు నన్ను తొందరపెట్టెను. తొందర నాచేత తుడిపించెను. ట్రిమ్ ఆ తుడుపును శాశ్వతము చేసెను.

ఆచరణ

ఈ చోటు నుంచుటకు రెండు మార్గములు. మొదటిది అందరికిని సులభము: డ్రైవును నింపకుండుట. ట్రిమ్ పనిచేయుచున్న యంత్రమున నూటికి పది మొదలు ఇరువది వంతులు ఖాళీగా నుంచినచో సామాన్యులకు చాలును. 500 గిగాబైట్ల డ్రైవునందు 50 మొదలు 100 గిగాబైట్లు. ఇందువలన మరియొక లాభమున్నది. చౌకయైన డ్రైవులు పలువిధముల ఖాళీ కణములను తాత్కాలికముగా ఒక్క బిట్టు జాతివలె వాడి, వచ్చిన వ్రాతలను వేగముగా పుచ్చుకొని, తీరిక వేళ సర్దుకొనును. ఖాళీ తగ్గినచో ఈ వేగపు చోటును కుంచించుకొనిపోవును. నా యంత్రము ఆ రాత్రి నిలిచిపోవుటకు ఇదియు నొక కారణమై యుండును.

రెండవది, మనకే అందకుండ చోటును వేరుచేయుట. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి, ష్రింక్ వాల్యూమ్ అను దానిచే విభాగమును తగ్గించి, వచ్చిన చోటును దేనికిని కేటాయింపక విడువవలెను. డ్రైవు క్రొత్తదైనప్పుడే ఇట్లు చేయుట ఉత్తమము. ఏలయన ముందు వ్రాసి యుండిన చోటును ట్రిమ్ చేయకయే విడిచినచో కంట్రోలరు దానిని సజీవమనియే తలచును. విండోస్‌లో డ్రైవులను ఆప్టిమైజ్ చేయు సాధనమును, లినక్సులో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ అను ఆజ్ఞను నడిపి, ఆ పిదప తగ్గించుట మేలు. చేయి ఊరకుండక ప్రతి ఖాళీని నింపు స్వభావము గలవారికిని, రాత్రింబగళ్లు కెమెరా చిత్రములు వ్రాయు యంత్రములకును, లెక్కల పట్టికలు నిరంతరము మారు కార్యాలయములకును ఈ రెండవ మార్గము తగును. చదువుకొనుటకు, లేఖలు వ్రాయుటకు మాత్రమే వాడువారికి మొదటిదే చాలును.

ఒక హెచ్చరిక. ఖాళీ చోటు డ్రైవునకు ఆయువు నిచ్చును గాని, మన సంగతులకు అభయము నియ్యదు. ఎంత చోటు విడిచినను డ్రైవు ఒకనాడు హఠాత్తుగా చెడవచ్చును. విద్యుత్తు లేక చిరకాలము పెట్టెలో పడియున్న ఎస్.ఎస్.డి.లో బంధించిన ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోవును. కాబట్టి విలువగల ప్రతిని వేరొక సాధనమున మరొక్క ప్రతిగా తప్పక ఉంచుకొనవలెను. ఆ తాతగారి మాటలకు రెండవ ప్రతి యుండిన యెడల నేనీ వ్యాసమును ఇంకొక విధముగా మొదలుపెట్టి యుందును. ఆ బాలుడు నన్ను నిందింపలేదు; తనకు గుర్తున్నంత వరకు మరల వ్రాసి యిచ్చెను. మొదటి ప్రతిలో పది పుటలు, రెండవదానిలో మూడు. ఆ మూడును ఇప్పుడు రెండు చోట్ల భద్రముగా నున్నవి.

పిల్లలారా! ఖాళీగా నున్నదంతయు వ్యర్థమని తలపకుడు. కళ్లమందు వట్టి నేలయు, జలాశయమునందు వరదకై విడిచిన చోటును, డ్రైవునందు వ్రాయని పేజీలును పనిలేనివి కావు; పని సాగనిచ్చునవి. ఆపద రాకముందే చోటు విడుచుట వివేకము. వచ్చిన తరువాత చోటు చేయబోవుట నష్టమునకు దారి.

అభ్యాసము

1. ఒక డ్రైవులోని బ్లాకులలో నూటికి 80 పేజీలు సజీవముగా నున్నచో శ్రమ ఎన్ని రెట్లు? 75 అయినచో ఎన్ని రెట్లు?

2. 128 అను చిప్పులతో చేసి 120 గిగాబైట్లని యమ్మిన డ్రైవునందు మిగులు నూటికి ఎంత? పై లెక్కలలోని 240 గిగాబైట్ల డ్రైవుతో పోల్చి కారణము చెప్పుడు.

3. మీ యింటనో పాఠశాలయందో ఉన్న కంప్యూటరు డ్రైవునందు ఎంత నిండినది, ఎంత ఖాళీ యున్నదో చూచి, నూటికి వంతులుగా వ్రాసి, అందు రెండవ ప్రతి లేని విలువైన సంగతు లేవో పెద్దలనడిగి తెలిసికొనుడు.